ఇసుక కొండ కింద వంగే ఫలకం: తొట్టి నమూనా ప్రాజెక్టు డైరీ

సముద్రగర్భ అగ్నిపర్వతం బరువుకు దాని కింది ఫలకం వంగడాన్ని తొట్టిలో చూపే ఈ నమూనాను మరొకరు మళ్ళీ కట్టుకోగలగాలని, మా డబ్బు వృథా అయిన చోట వారిది కాకూడదని ఈ డైరీ రాస్తున్నాను. టెక్కలి ప్రాంతంలోని మా హైస్కూలు ప్రయోగశాలలో పదో తరగతి పిల్లలతో కలిసి చేసిన పని ఇది. సైన్స్ ఫెయిర్‌లో అగ్నిపర్వతమంటే బంకమట్టి కొండ నోట్లో వంటసోడా, వెనిగర్ పోసి నురగ రప్పించడమే ఏటేటా చూస్తున్నాం. ఆ నమూనాలో కొండ కింద ఏముందన్న ప్రశ్నకే చోటు లేదు.

సముద్రగర్భంలో కొండ పుట్టే తీరు క్లుప్తంగా ఇది. భూమి ప్రావారంలోని (పైపెంకు కింది మందపాటి పొరలోని) వేడి శిల పైకి వస్తున్నకొద్దీ దాని మీది ఒత్తిడి తగ్గుతుంది. కొత్తగా వేడి చేరకపోయినా, ఒత్తిడి తగ్గడం వల్లనే అందులో కొంత భాగం కరిగి మాగ్మా అవుతుంది. ఆ మాగ్మా సముద్ర ఫలకాన్ని (సముద్రం అడుగున పరుచుకున్న గట్టి శిల పలకను) చీల్చుకుని అడుగున వెలువడి, చన్నీటి తాకిడికి పైపొర గట్టిపడి, దిండ్ల ఆకారపు లావాగా పేరుకుంటుంది. అలా లక్షల ఏళ్ళు పేరుకున్న బరువు కింద ఫలకం వంగుతుంది, ఎందుకంటే అది నేలలా కదలకుండా ఉండే గట్టు కాదు, దీర్ఘకాలంలో ద్రవంలా జరిగే ప్రావారం మీద తేలుతున్న స్థితిస్థాపక పలక. ఆ వంపును కొలవడమే మా పని. కావలసిన కొలతలు మూడు: బరువు కింద ఫలకం ఎంత దిగింది, దాని చుట్టూ ఏర్పడే అగడ్త ఎంత వెడల్పు, ఆ అగడ్త దాటాక ఫలకం పైకి లేచే ఉబ్బు ఎక్కడ ఉంది.

దశ 1: నేరుగా నీటి మీద

శ్రీకాకుళంలో చేపల తొట్లు కట్టే దుకాణంలో 120 × 30 × 25 సెంటీమీటర్ల గాజు తొట్టి కట్టించాం. దాని కింద టెక్కలి గ్రానైటు పాలిషింగ్ యూనిట్ దగ్గర మిగిలిన బండముక్క వేసి, రసమట్టంతో నాలుగు మూలలూ సరిచూశాం. తొట్టికి ఒక సెంటీమీటరు తక్కువ వెడల్పుతో, 118 సెంటీమీటర్ల పొడవుతో 3 మి.మీ. యాక్రిలిక్ షీటు కోయించి నీటి మీద పరిచాం. యాక్రిలిక్ సాంద్రత నీటికన్నా ఎక్కువే అయినా తలతన్యత వల్ల షీటు తేలింది. వంశధార ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లించి మధ్యలో గీతలా పోయడం మొదలుపెట్టగానే అంచుల సందుల్లోంచి నీరు పైకెక్కింది. షీటు ఇసుకతో సహా అడుగుకు చేరింది.

ఇది అంచుల నాణ్యతకు సంబంధించిన లోపంలా కనిపిస్తుంది గాని, అసలు కారణం వేరు. వంగిన ఫలకాన్ని తిరిగి పైకి నెట్టే బలం కింది ద్రవానికీ, గుంటను నింపిన పదార్థానికీ మధ్య ఉన్న సాంద్రతల తేడా మీద ఆధారపడుతుంది. కిందా నీరే, పైనా నీరే అయితే ఆ తేడా సున్నా, కాబట్టి షీటు ఎంత దిగినా దాన్ని ఆపేది ఉండదు. నిజమైన సముద్రంలో కింద ఘనపు మీటరుకు సుమారు 3,300 కిలోల ప్రావారం ఉంటే, పైన సుమారు 1,030 కిలోల సముద్రపు నీరు ఉంటుంది. అందుకే అక్కడ కొండలు నిలుస్తున్నాయి.

ఖర్చు: తొట్టి 2,400, షీటు 700. ఇప్పటివరకు మొత్తం: 3,100 రూపాయలు.

దశ 2: ఉప్పునీరు, పొర

రెండు మార్పులు చేశాం. కింది ద్రవం బరువు పెంచడానికి నౌపడ ఉప్పు మళ్ళ నుంచి ముతక ఉప్పు తెప్పించి చిక్కటి ఉప్పునీరు కలిపాం. పైకి ద్రవం రాకుండా దాని మీద పాలిథీన్ పొర పరిచి, ఆ పొర మీద షీటు ఉంచాం.

1. ఉప్పును రాత్రంతా నీటిలో కరగనిచ్చి, మట్టి అడుగున పేరుకున్నాక పైనీటిని గుడ్డతో వడకట్టాలి.
2. సాంద్రతను బ్యాటరీ మెకానిక్కులు వాడే హైడ్రోమీటరుతో చూడాలి. మాకు ఘనపు మీటరుకు 1,180 కిలోలు వచ్చింది.
3. పొరను తొట్టి వెడల్పుకు రెట్టింపు కోసి, పక్కల మడతలు వదులుగా ఉండేలా పరచాలి.
4. షీటు పెట్టే ముందు పొర కింది గాలి బుడగలను అరచేత్తో మధ్య నుంచి అంచులకు తోసేయాలి.

హైడ్రోమీటరు ఇస్తూ మెకానిక్, "ఇది ఏసిడ్‌కండి మాస్టారూ, ఉప్పునీళ్ళకి కాదు" అని హెచ్చరించాడు గాని, అది చూపేది సాంద్రతనే కాబట్టి దేనిలో ముంచినా పని చేస్తుంది. దాని గీతలు 1,100 నుంచి 1,300 వరకు ఉండటం మా అవసరానికి సరిగ్గా సరిపోయింది.

మూడో, నాలుగో మెట్లు ఊరికే రాయలేదు. పొరను మొదట బిగువుగా లాగి అంచులకు టేపు వేశాం. అప్పుడు కిలో ఇసుకకు షీటు 5 మి.మీ. కూడా దిగలేదు, ఎందుకంటే బరువును ద్రవం కాక బిగిసిన పొర మోసింది. పొర వదిలాక అదే ఇసుకకు ఎక్కువ దిగింది గాని ఎడమ సగం, కుడి సగం ఒకేలా వంగలేదు. పొర ఎత్తి చూస్తే కుడివైపు కింద అరచేయంత గాలి బుడగ ఉంది. ఆ ఒక్క బుడగ మేము వెతుకుతున్న ఉబ్బుకన్నా ఎత్తుగా ఉంది.

ఖర్చు: ఉప్పు 200, పొర 120, హైడ్రోమీటరు 150. ఇప్పటివరకు మొత్తం: 3,570 రూపాయలు.

దశ 3: షీటు మందం

బుడగలు తీసేశాక కూడా 3 మి.మీ. షీటులో అగడ్త గాని, ఉబ్బు గాని కనిపించలేదు. బరువు ఎక్కిన నాటుపడవలా షీటంతా ఒక్కసారిగా కిందికి దిగింది, అంచులు కూడా దిగాయి. ఎందుకో లెక్క చెప్పింది.

ఫలకం వంపు ఎంత దూరం పాకుతుందో నిర్ణయించే కొలతను ఇక్కడ వంపు దూరం అంటాను. దాన్ని కట్టడం రెండు మెట్లు. మొదట దృఢత్వం: యంగ్ గుణకాన్ని (పదార్థం సాగడానికి ఎంత ఎదురొడ్డుతుందో చెప్పే అంకెను) మందం ఘనంతో గుణించి, 12 × (1 − పాయిజాన్ నిష్పత్తి వర్గం)తో భాగించాలి. పాయిజాన్ నిష్పత్తి అంటే పదార్థం సాగినప్పుడు పక్కలకు ఎంత సన్నబడుతుందో చెప్పే అంకె. తరువాత ఆ దృఢత్వాన్ని నాలుగు రెట్లు చేసి, సాంద్రతల తేడా × 9.81తో భాగించి, దానికి నాలుగో మూలం తీయాలి. గీతలా పరుచుకున్న బరువు నుంచి 3.14 వంపు దూరాల్లో ఉబ్బు శిఖరం వస్తుంది. దాని ఎత్తు నడిమి లోతులో 4.3 శాతమే.

మైక్రోమీటరుతో చూస్తే "3 మి.మీ." షీటు 2.8 మాత్రమే ఉంది. అయినా వంపు దూరం 21 సెంటీమీటర్లు దాటింది, అంటే ఉబ్బు శిఖరం మధ్య నుంచి 67 సెంటీమీటర్ల దగ్గర రావాలి. మా షీటు మధ్య నుంచి అంచుకు 59 సెంటీమీటర్లే. ఉబ్బు రావలసిన చోట అసలు షీటే లేదు. దీనికి పొడవైన తొట్టి కట్టించడం ఒక దారి, పలుచని షీటు కొనడం రెండో దారి. వంపు దూరం మందానికి ముప్పావు ఘాతంలో మారుతుంది కాబట్టి రెండోది చవక.

1 మి.మీ. పేరుతో కొన్న షీటు మైక్రోమీటరులో 0.92 చూపింది. మందం ఘనంలో లెక్కకు వస్తుంది కాబట్టి ఈ 8 శాతం తేడా దృఢత్వాన్ని 22 శాతం తగ్గిస్తుంది. దుకాణం వాడు చెప్పిన మందాన్ని లెక్కలో వేయకండి. యంగ్ గుణకాన్ని కూడా పట్టికలో చూడకుండా ఇలా కొలిచాం:

1. షీటు నుంచి 3 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, 30 సెంటీమీటర్లు బల్ల అంచు బయటికి ఉండేలా బిగించాలి.
2. కొస తన బరువుకే ఎంత వాలిందో కొలవాలి.
3. పట్టీని తిరగేసి మళ్ళీ కొలిచి, రెండింటి సగటు తీసుకోవాలి. చుట్ట నుంచి కోసిన షీటుకు ముందే కొంత వంకర ఉంటుంది.
4. 1.5 × సాంద్రత × 9.81 × పొడవు నాలుగో ఘాతం ÷ (మందం వర్గం × వాలు) కట్టాలి. పొడవులన్నీ మీటర్లలో ఉండాలి.

సగటు వాలు 58 మి.మీ. వచ్చింది. దాని నుంచి యంగ్ గుణకం 2.9 గిగాపాస్కళ్ళు, దృఢత్వం 0.22 న్యూటన్ మీటర్లు, వంపు దూరం 9.3 సెంటీమీటర్లు. ఉబ్బు శిఖరం మధ్య నుంచి 29 సెంటీమీటర్ల దగ్గర, తొట్టి లోపలే హాయిగా వస్తుందన్నమాట.

ఇదే లెక్కలో పసిఫిక్ మహాసముద్రంలోని అగ్నిపర్వత దీవులైన హవాయి అంకెలు వేసి చూశాం. ఫలకం స్థితిస్థాపక మందం (అందులో పలకలా వంగే భాగం మందం) 30 కి.మీ., యంగ్ గుణకం 70 గిగాపాస్కళ్ళు, ప్రావారానికీ సముద్రపు నీటికీ మధ్య సాంద్రతల తేడా 2,270 అనుకుంటే వంపు దూరం 74 కి.మీ., ఉబ్బు 233 కి.మీ. దగ్గర వస్తాయి. హవాయి దీవుల చుట్టూ లోతైన అగడ్త, దాన్ని దాటాక సుమారు 250 కి.మీ. దూరంలో సముద్రగర్భంలో లేచిన ఉబ్బు నిజంగానే ఉన్నాయి. జలాంతర్గాములలో తిరుగుతూ సముద్రం మీద గురుత్వాన్ని కొలిచిన డచ్ శాస్త్రవేత్త వెనింగ్ మైనెస్, కొండ బరువును దాని అడుగు ఒక్కటే కాక చుట్టుపక్కల ఫలకం కూడా మోస్తుందని 1940ల నాటికే వాదించాడు. వీపు మీద మూట ఉన్నవాడి భారం పక్కవాడి భుజానికీ చేరుతుందన్న ఆ వాదన, మా తొట్టిలో షీటు మందాన్ని మార్చినప్పుడల్లా కంటికి కనిపించింది.

ఖర్చు: షీటు 450, మైక్రోమీటరు అరువు. ఇప్పటివరకు మొత్తం: 4,020 రూపాయలు.

దశ 4: కొండ ఎందుకు పెరగలేదు

పావు కిలో చొప్పున ఇసుక పోస్తూ, ప్రతిసారి రెండు కొలతలు తీశాం. తొట్టి మీద అడ్డంగా పెట్టిన అల్యూమినియం పట్టీ నుంచి కిందికి స్కేలు దించి షీటు దిగుడు, ఇసుక గట్టు శిఖరం చూశాం. గట్టును షీటు అంచులకు రెండు సెంటీమీటర్ల ముందే ఆపాలి, లేకపోతే ఇసుక పొర మీదికి జారి పక్కల మడతలను బిగిస్తుంది. ఇసుక జారకుండా షీటు అంచుకు ప్లాస్టిక్ కోణపు పట్టీ అతికిద్దామని ఒక పిల్లవాడు అన్నాడు. అతికించి చూస్తే ఆ పట్టీయే దూలంలా పనిచేసి షీటును వంగనివ్వలేదు, తీసేశాం.

- మొత్తం బరువు 250 గ్రాములు: గట్టు మందం 18 మి.మీ., దిగుడు 4, మొదటి మట్టం పైన ఎత్తు 14.
- 500 గ్రాములు: మందం 26, దిగుడు 7, ఎత్తు 19.
- 750 గ్రాములు: మందం 32, దిగుడు 11, ఎత్తు 21.
- 1,000 గ్రాములు: మందం 37, దిగుడు 14, ఎత్తు 23.

లెక్క ప్రకారం చివరి దిగుడు 15 దాకా రావాలి. ఒక మిల్లీమీటరు తేడా పొర మడతల రాపిడిదే అయి ఉంటుంది.

"మాస్టారూ, ఇసక పోస్తనే ఉన్నాం గానీ కొండ పెరగట్లేదండి" అని ఇసుక పోస్తున్న అమ్మాయి అన్నది నాలుగో విడత దగ్గర. ఆ విడతలో గట్టు మందం 5 మి.మీ. పెరిగితే 3 మి.మీ. కిందికి పోయింది, కంటికి దక్కింది రెండే. ఈ ప్రాజెక్టులో నేను పిల్లల చేత రాయించదలచుకున్న ఒక్క ఫలితం ఇదే. సముద్రగర్భ పటంలో కనిపించే కొండ ఎత్తు, కొండ కట్టుకున్న మందంలో మిగులు మాత్రమే. హవాయిలోని మౌనా లోవా సముద్రమట్టం పైన 4,170 మీటర్లు కనిపిస్తుంది. నీటి కింద మరో 5 కి.మీ. ఉంది. దాని బరువుకు సముద్రపు అడుగు ఇంకో 8 కి.మీ. కుంగింది. అంటే అసలు పునాది నుంచి శిఖరానికి సుమారు 17 కి.మీ., అందులో దాదాపు సగం ఎవరికీ కనిపించని లోతులో ఉంది. మా కిలో ఇసుకలో కుంగిన వాటా 38 శాతం. మౌనా లోవా ఉన్న దీవి నేటికీ ఏడాదికి రెండు, మూడు మిల్లీమీటర్ల చొప్పున కుంగుతూనే ఉంది. దాని తీరం పొడవునా ఒకప్పుడు నీటిమట్టం దగ్గర పెరిగిన పగడపు దిబ్బలు ఇప్పుడు వందల మీటర్ల లోతున మెట్లమెట్లుగా మునిగి ఉన్నాయి.

ఇక ఉబ్బు. 15 మి.మీ.లో 4.3 శాతమంటే 0.65 మి.మీ. స్కేలుతో చూడటం అసాధ్యం. డయల్ గేజి (సన్నని కదలికలను ముల్లుతో చూపే పరికరం) పెడితే దాని స్ప్రింగు పుల్లే షీటును అంతకన్నా ఎక్కువ నొక్కింది. అప్పుడు ఎత్తును వదిలి వాలును కొలిచాం. ఉబ్బు శిఖరం మీద వాలు సున్నా కాబట్టి, అక్కడ పెట్టిన అద్దం నుంచి తిరిగొచ్చే కాంతి బరువు పెట్టాక కూడా కదలకూడదు.

1. జాకెట్లకు కుట్టే అద్దపు బిళ్ళలను మధ్య నుంచి 20, 25, 30, 35, 40 సెంటీమీటర్ల దగ్గర అతికించాలి. మామూలు అద్దం ముక్కలు బరువెక్కువ.
2. లేజర్ పెన్నును వేరే బల్ల మీద బిగించాలి. తొట్టి ఉన్న బల్ల ఇసుక పోసేటప్పుడు కదులుతుంది.
3. ఇసుక లేనప్పుడు ప్రతి బిళ్ళ నుంచి వచ్చే చుక్కను మూడు మీటర్ల దూరంలోని గోడ కాగితం మీద గుర్తుపెట్టాలి.
4. ఫ్యాను ఆపాలి. ఉప్పునీరు నిమ్మళించడానికి కొన్ని నిమిషాలు ఆగాలి.
5. ఇసుక పోసి చుక్కలు ఎటు, ఎంత జరిగాయో చూడాలి.

20, 25 దగ్గరి చుక్కలు ఒక దిక్కుకు జరిగాయి, 35, 40 దగ్గరివి దానికి ఎదురు దిక్కుకు జరిగాయి. 35 దగ్గరిది 24 మి.మీ. జరిగింది. 30 దగ్గరిది గుర్తు మీంచి దాదాపు కదలలేదు. ఆ బిళ్ళకు అటూ ఇటూ మరో రెండు అతికించి చూస్తే శిఖరం 31 సెంటీమీటర్ల దగ్గర తేలింది. లెక్క 29. మా ఇసుక సన్నని గీత కాదు, పన్నెండు సెంటీమీటర్ల అడుగున్న గట్టు కాబట్టి శిఖరం కొంచెం బయటికి జరగడం సహజమే. అర మిల్లీమీటరు ఉబ్బును కంటితో చూడలేని చోట, గోడ మీద బొటనవేలు వెడల్పు కదలిక చూడగలిగాం.

ఇలా వంగిన ఫలకం లోపల ఒత్తిడి ఊరికే ఉండదు. 2006 అక్టోబరు 15న హవాయిలోని కిహోలో అఖాతం దగ్గర 6.7 తీవ్రతతో వచ్చిన భూకంపం సుమారు 39 కి.మీ. లోతున పుట్టింది. మాగ్మా కదలిక వల్ల మామూలుగా వచ్చే కంపాల కన్నా అది ఎంతో లోతు. దీవుల బరువుకు వంగిన ఫలకంలోని ఒత్తిడే దానికి కారణమని శాస్త్రజ్ఞులు వివరించారు.

ఖర్చు: లేజర్ పెన్ను 100, బిళ్ళలు 40. ఇప్పటివరకు మొత్తం: 4,160 రూపాయలు.

దశ 5: పైన సముద్రం

ఇంతవరకు కొండ పైన గాలే ఉంది. ఇసుక తీసేసి, షీటు మీద, పొర పైన మంచినీరు నింపాం. కింద 1,180, పైన 1,000, తేడా 180 మాత్రమే. ఇసుకను గరాటు, గొట్టం ద్వారా నీటి లోపలికి వదిలాం. నీటిలో ఇసుక బరువు సుమారు 62 శాతానికి తగ్గినా, పైకి నెట్టే బలం అంతకన్నా ఎక్కువగా తగ్గింది కాబట్టి దిగుడు 39 మి.మీ. ఉండాలని లెక్క తేలింది.

మొదటిసారి దిగుడు ఆగనే లేదు. గంట గడిచాక కూడా షీటు కిందికి జారుతూనే ఉంది. హైడ్రోమీటరు పెడితే కింది ఉప్పునీరు 1,180 నుంచి 1,150కి పడిపోయింది. పొరలో ఎక్కడో సూది బెజ్జం. దాన్ని వెతకడానికి పైనీటిలో నీలిమందు కలిపాం. గాజు పక్క నుంచి చూస్తే, షీటు మూల దగ్గర పొర కిందికి నీలిరంగు దారంలా చొరబడి పాకుతూ కనిపించింది. షీటు మూల పదునుగా ఉండటం వల్ల పొర కోసుకుపోయింది. మూలలను ఎమరీ కాగితంతో గుండ్రంగా రుద్ది, మందపాటి పొర వేసి, ఉప్పునీటిని మళ్ళీ 1,180కి తెచ్చాం. ఈ దశలో ప్రతి కొలతకు ముందూ తరువాతా హైడ్రోమీటరు చూడండి, రెండూ ఒకటి కాకపోతే ఆ కొలత కొట్టేయండి.

మందపాటి పొరతో దిగుడు 34 మి.మీ. వచ్చింది. లెక్కకు 5 తక్కువ. మందమైన పొర మడతలు గట్టిగా ఉండటమే కారణమనుకుంటున్నాను. ఉబ్బు శిఖరం 31 నుంచి 45 సెంటీమీటర్లకు జరిగింది. నీటి లోపలి అద్దం నుంచి వచ్చే కాంతి నీటి మట్టం దగ్గర వక్రీభవనం చెందుతుంది కాబట్టి చుక్క ఎంత జరిగిందన్నది ఇక్కడ పనికిరాదు, కదలని చుక్క ఏదన్నదే పనికొస్తుంది.

అగడ్త నిజంగా ఖాళీగా ఉండదు. కొండ నుంచి జారిన రాళ్ళు, బూడిద, సముద్రపు మేటలు దాన్ని నింపుతాయి. నీటి స్థానంలో బరువైన మేట చేరితే సాంద్రతల తేడా ఇంకా తగ్గి, వంపు మరింత దూరం పాకుతుంది. గాలి స్థానంలో నీరు పోసినప్పుడు మేము చూసిన మార్పు అదే దిక్కుది.

ఖర్చు: మందపాటి పొర 180, గరాటు, గొట్టం 60. ఇప్పటివరకు మొత్తం: 4,400 రూపాయలు.

దశ 6: లేత ఫలకం

సముద్ర ఫలకం మధ్య సముద్ర రిడ్జి (సముద్రం నడుమ కొత్త ఫలకం పుట్టే పొడవాటి గట్టు) దగ్గర వేడిగా, పలుచగా పుట్టి, దూరం జరుగుతున్నకొద్దీ చల్లారి మందమెక్కుతుంది. హవాయి కొండలు దాదాపు 9 కోట్ల ఏళ్ళ ముదురు ఫలకం మీద పుట్టాయి. రిడ్జి పక్కనే లేత ఫలకం మీద పుట్టిన కొండల కింద స్థితిస్థాపక మందం 10 కి.మీ. కన్నా తక్కువ ఉంటుంది. దీన్ని చూపడానికి నీరు తోడేసి, 0.5 మి.మీ. పెట్ (నీళ్ళ సీసాల ప్లాస్టిక్) షీటు వేశాం. అదే కిలో ఇసుకకు దిగుడు 21 మి.మీ., శిఖరం 20 సెంటీమీటర్ల దగ్గర. గట్టు మందం 37 అలాగే ఉన్నా పైకి మిగిలింది 16 మాత్రమే. ఒకే బరువుకు లేత ఫలకం మీద లోతైన, ఇరుకైన గుంట పడింది. ముదురు ఫలకం మీద లోతు తక్కువైన, వెడల్పైన పళ్ళెం పడింది. కొండ చుట్టూ అగడ్త వెడల్పు కొలిస్తే, ఆ కొండ పుట్టిన నాటికి ఫలకం వయసెంతో అంచనా వేయవచ్చు.

పిల్లలకు ఇది దూరపు ముచ్చట కాదు. కళింగపట్నం నుంచి తూర్పుగా సుమారు 90 కి.మీ. సముద్రంలోకి వెళితే 85వ తూర్పు రేఖాంశం వస్తుంది. ఆ రేఖాంశం పేరుతోనే పిలిచే పర్వతశ్రేణి బంగాళాఖాతం అడుగున మొదలై దక్షిణాన హిందూ మహాసముద్రంలోని అఫనాసీ నికితిన్ అనే సముద్రగర్భ కొండ దాకా సాగుతుంది. గంగా, బ్రహ్మపుత్రలు తెచ్చిన కిలోమీటర్ల మందపు మేటల కింద బంగాళాఖాతంలో అది పూర్తిగా పూడిపోయింది కాబట్టి అక్కడ ఓడ మీద లోతు కొలిస్తే చదునైన అడుగే కనిపిస్తుంది. గురుత్వం కొలిస్తేనే దొరుకుతుంది. విచిత్రమేమంటే 5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి ఉత్తరాన దాని మీద గురుత్వం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. చుట్టూ పేరుకుని గట్టిపడిన మేటలకూ, కొండకూ సాంద్రతల తేడా తగ్గిపోగా, కింద వంగిన ఫలకం బరువైన ప్రావారాన్ని పక్కకు నెట్టిన లోటు మాత్రం మిగిలి ఉండటమే దీనికి ఇచ్చే వివరణ. పెట్ షీటు మీది గుంటను ఇసుకతో మట్టంగా నింపి పైనుంచి చూపించాను. కొండ కనిపించలేదు, పక్క గాజులోంచి చూస్తే గుంట కనిపించింది.

ఖర్చు: పెట్ షీటు 90. మొత్తం: 4,490 రూపాయలు.

విప్పేటప్పుడు

1. షీట్లను మంచినీటితో కడిగి, గ్రానైటు బండ మీద బల్లపరుపుగా భద్రపరచాలి. గోడకు ఆనించి ఉంచితే వంకర తిరిగి, పట్టీ పరీక్ష మళ్ళీ చేయాల్సి వస్తుంది.
2. పొరను మళ్ళీ వాడకూడదు. మడతల దగ్గర కంటికి కనిపించని చీలికలు ఉంటాయి.
3. ఉప్పునీటిని బడి ఆవరణలో పారబోయకూడదు, చెట్లు చస్తాయి. మేము మూతలున్న క్యాన్లలో నింపి, మీద 1,180 అని రాసి పెట్టాం. నీరు ఆవిరైతే ఆ అంకె మారుతుంది కాబట్టి, తీసినప్పుడు ముందు హైడ్రోమీటరు ముంచాలి.